నాలుగు లైన్లు తక్కువైనయ్

ఇస్సాకు గారికి బీపీ లేదు, షుగర్ లేదు, యాభై ఆరేళ్ళొచ్చినా మోకాళ్ళ నొప్పి లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. అచ్చులో బొమ్మ ఒంటరిగా కనిపిస్తే ఆయనకు అన్నం సయించదు. బొమ్మ పక్కన మాటలుండాలి. పైనో కిందో ఉంటే చాలదు. బొమ్మ అంచు పట్టుకుని, అది ఉబ్బిన చోట వెనక్కి తగ్గి, అది తగ్గిన చోట ముందుకొచ్చి, ఒద్దికగా దాని పక్కనే ఉండాలి. దీన్ని ఆఫీసులో అందరూ టెక్స్ట్ వ్రాప్ అంటారు. ఇస్సాకు గారు మాత్రం "బొమ్మకు తోడు" అంటారు.

హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ ఐదో అంతస్తులో ఉంది ఆయన పనిచేసే కంపెనీ. ఎవరెవరో తయారుచేసే యంత్రాలకు వాడకం పుస్తకాలు వేసిపెట్టడం ఆ కంపెనీ పని. మిక్సీ మొదలుకొని లిఫ్టు దాకా ఏదైనా సరే. కొత్తగా చేరిన హర్షిణి లాంటి పిల్లలు మాటలు రాస్తారు, ఇంకెవరో బొమ్మలు గీస్తారు, రెండింటినీ తెచ్చి పేజీలో కూర్చేది ఇస్సాకు గారు. కంపెనీ పుట్టిన రోజు నుంచీ ఆయనే. అంతకు ముందు సికింద్రాబాద్‌లో ఒక ప్రెస్సులో సీసం అక్షరాలు కూర్చేవారు. ఆ రోజుల్లో బొమ్మ పక్కన మాటలు పట్టించాలంటే ఒక్కో లైనూ కొలిచి, కత్తిరించినట్టు పొట్టిగా పేర్చుకోవాలి. ప్రెస్సు పోయింది, సీసం పోయింది, కొలిచే అలవాటు మాత్రం పోలేదు. అందరి చొక్కా జేబులో పెన్ను ఉండే చోట ఆయనకు ఆరంగుళాల స్టీలు స్కేలు ఉంటుంది.

బొమ్మకీ మాటకీ మధ్య సరిగ్గా మూడు మిల్లీమీటర్లు ఉండాలని ఆయన సిద్ధాంతం. "రెండుంటే ఊపిరాడదు. నాలుగుంటే పరాయోళ్ళ లెక్కుంటది" అంటారు. ఆ మూడింటినీ కంప్యూటర్ తెర మీద స్కేలు ఆనించి కొలుస్తారు.

"సార్, తెర మీద పెద్దది చేసి చూస్తే కొలత మారిపోతది గద?" అని హర్షిణి ఒకసారి అడగనే అడిగింది.

"అందుకే పెద్దది చెయ్య, చిన్నది చెయ్య. పదేళ్ళ సంది గా సైజు ముట్టలే" అన్నారాయన గర్వంగా. ఆ కంప్యూటర్ జోలికి వెళ్ళే ధైర్యం ఆఫీసులో ఇంకెవరికీ లేదు.

ఈ జబ్బు కాగితం దగ్గర ఆగితే మనం మాట్లాడుకునే వాళ్ళమే కాదు. క్యాంటీన్‌లో గుడ్డుకూర పెట్టించుకుంటే, ఆయన గుడ్డుని ప్లేటులో కుడి పక్కకు జరిపి, అన్నాన్ని దాని వంపు చూసి సర్దుతారు. గోదావరి వైపు నుంచి వచ్చిన క్యాంటీన్ మాస్టరు బుల్లిబాబు గరిటె పట్టుకుని అలా చూస్తూ ఉండిపోతాడు.

"ఏవండీ ఇస్సాకు గారూ, అన్నం తింటున్నారా, అచ్చేస్తున్నారా?"

"తినేదే గదా అని ఎట్లంటే అట్ల పెడ్తమా?" అంటారాయన.

ఒకసారి ఆఫీసులో గ్రూపు ఫొటో తీశారు. మధ్యలో స్తంభం అడ్డొచ్చింది. మామూలు మనిషైతే అందరినీ పక్కకు జరగమంటాడు. ఇస్సాకు గారు అందరినీ స్తంభం పక్కన ఒదిగి నిలబడమన్నారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక, స్తంభానికి జానెడు దూరంలో. ఆ ఫొటో ఇప్పటికీ రిసెప్షన్‌లో ఉంది. చూసినవాళ్ళందరూ ఆ స్తంభమే కంపెనీ యజమాని అనుకుంటారు.

వీటన్నిటికన్నా పెద్ద కథ ఆయన చెల్లెలి కూతురు ఎవాంజెలిన్ పెళ్ళికార్డు. కోడిగుడ్డు ఆకారంలో జంట ఫొటో నడిమధ్యన పెట్టి, మాటలు అటూ ఇటూ రెండు పక్కలా పట్టించారు మేనమామ గారు. వాక్యం ఎడమ పక్క మొదలవుతుంది, ఫొటో దాటి కుడి పక్క ముగుస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ చదివినవాళ్ళెవరూ ఫొటో దాటలేదు. ఎడమ పక్కంతా కిందిదాకా చదివేసి, ఆ తర్వాత కుడి పక్కకొచ్చారు. అలా చదివితే పెళ్ళి టైముకు పక్కన విందు జరిగే చోటు వచ్చింది. పొద్దున పదింటికి కొత్తగూడ చర్చిలో పాస్టరు గారూ, పెళ్ళివారూ, స్కేలుతో ఇస్సాకు గారూ ఉన్నారు. చుట్టాలందరూ ఖాజాగూడ ఫంక్షన్ హాల్లో వడ్డన కోసం కూర్చున్నారు. ఆయన భార్య గ్రేస్ గారు నర్సు, ఎంతటి గాయమైనా మాన్పగల మనిషి. కానీ ఆ పెళ్ళికార్డు సంగతి మాత్రం మాననివ్వరు. ఏడాదికి నాలుగుసార్లు గుర్తుచేస్తారు.

"కన్ను బొమ్మను దాటి దుంకదు బిడ్డా" అని ఇస్సాకు గారు ఆ అనుభవంతో హర్షిణికి ఉపదేశించారు. "మాటలు ఎప్పుడైనా ఒక్క పక్కనే ఉండాలె. రెండు పక్కల పెట్టినవో, మనుషులు అన్నం కాడికి పోతరు."

హర్షిణి ఆయన్ని మొదటిసారి చూసింది ఉద్యోగంలో చేరిన మూడో రోజున. తెల్లాపూర్ పాత ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల. చుట్టూ నలభై అంతస్తుల మేడలు లేచినా, ఆ మేడల వాళ్ళతో ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. అందరూ గడగడా ఇంగ్లీషు మాట్లాడే ఆ క్యాంటీన్‌లో స్తంభం వెనక కుర్చీ చూసుకుని, గోడకేసి తిరిగి డబ్బా తినేది. కొత్తగా చేరినవాళ్ళ ఫొటోతో టీ మెషీన్ పక్కన 'కొత్త ముఖం' అని ఒక పోస్టరు అంటించడం ఆ ఆఫీసు ఆచారం. దాని గురించే స్కేలు పట్టుకుని వచ్చారు ఇస్సాకు గారు.

"నాలుగు లైన్లు తక్కువైనయ్ బిడ్డా."

"ఏందియి సార్?"

"మాటలు. నీ ఫొటో పక్కన జాగ మిగిలింది. నాలుగు లైన్లు కావాలె. ఆదివారం ఏం చేస్తవ్?"

"పండుకుంటా సార్."

"ఒక్క లైను గూడ కాలే. ఇంకేం చేస్తవ్?"

"ఖాజాగూడ గుట్టలెక్కుతా."

"తాడు కట్టుకొనా?"

"ఉత్త చేతులతోనే."

"గదీ! ఇంకో లైను."

ఆయన్ని వదిలించుకుందామని హర్షిణి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "ఒకసారి ఎక్కి దిగరాక గంటన్నర పైన్నే కూసున్న సార్. మేకలు కాసే తాత ఒచ్చి దించిండు."

ఇస్సాకు గారి ముఖం వెలిగిపోయింది. "కుదిరింది!" అని వెళ్ళిపోయారు.

మర్నాడు టీ మెషీన్ దగ్గర నలుగురు పట్టుకున్నారు. "మేకల తాత దించింది నిన్నేనా?" అని ఒకరు, "మమ్మల్నీ తీసుకెళ్తావా?" అని ఇంకొకరు. హర్షిణికి సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. ఆ ఆదివారం ఐదుగురు నిజంగానే గుట్టల దగ్గరికి వచ్చారు. సోమవారం నుంచి స్తంభం వెనక కుర్చీ ఖాళీగా ఉంది. అయినా సరే, పరువు తీసిన పెద్దమనిషిగానే ఇస్సాకు గారు ఆమె లెక్కలో ఉండిపోయారు. పైగా ఆయన ఎప్పుడు ఎవరి దగ్గరికి వచ్చినా అదే మాట. నాలుగు లైన్లు తక్కువైనయ్. ఇరవై ఏళ్ళుగా ఒక మనిషికి ప్రతిసారీ సరిగ్గా నాలుగే లైన్లు ఎలా తక్కువవుతాయో ఎవరూ ఆలోచించలేదు.

ఐదు నెలలు గడిచాయి. కంపెనీకి ఇరవై ఏళ్ళు నిండుతున్నాయని పండుగ చేద్దామన్నారు, జ్ఞాపకంగా ఒక సావనీరు పుస్తకం వేద్దామన్నారు. మేనేజరు కిరణ్ పాల్ గారు హర్షిణిని పిలిచారు. ఆయనది గుంటూరు వైపు. కొత్తగా చేరిన పిల్లల్ని కూడా గారూ అనకుండా పిలవరు, ఉరి తీసే మాటైనా మర్యాదగానే చెబుతారు.

"హర్షిణి గారూ, ఈ పుస్తకం మీ చేతిలో పెడుతున్నానండి. బుధవారం సాయంత్రం ఐదింటికల్లా ఫైలు ప్రెస్సుకెళ్ళాలి. శుక్రవారం పొద్దున్న ప్రతి కుర్చీలోనూ పుస్తకం ఉండాలి. ఉందనుకోండి, సోమవారం మీ ఉద్యోగం ఖాయమైనట్టు లెటరిస్తాను. లేదనుకోండి, ఇంకో ఆరు నెలలు ప్రొబేషను. అంతేనండి, మరేం లేదు."

ఇంకో ఆరు నెలలు అంటే హర్షిణికి ఇంట్లో ముఖం చెల్లదు. తెల్లాపూర్‌లో వాళ్ళమ్మ సరిత ఇప్పటికే "మా బిడ్డది పర్మనెంటు" అని వాడంతా చాటేసింది.

నలభై ఎనిమిది పేజీల పుస్తకం. ఉద్యోగులందరూ తమ గురించి రెండేసి లైన్లు మెయిల్లో పంపారు. సోమవారం పొద్దుటికి ముప్పై ఏడు పేజీలు బుద్ధిగా కుదిరాయి. ముప్పై ఎనిమిదో పేజీ దగ్గర ఇస్సాకు గారు ఆగిపోయారు. ఆ పేజీకి 'మనకు తోడున్నవారు' అని పేరు. గేటు కాసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, వండేవాళ్ళు, క్యాబు నడిపేవాళ్ళు, మొత్తం పందొమ్మిది మంది. వాళ్ళకు కంపెనీ మెయిలు లేదు కాబట్టి వాళ్ళనెవరూ ఏమీ అడగలేదు. గేటుపాసుల మీద ఉన్న ఫొటోలు తెచ్చి, కింద పేర్లు రాసి పంపారు, అంతే.

"నాలుగు లైన్లు తక్కువైనయ్ బిడ్డా."

"ఏ ఫొటోకి సార్?"

"పందొమ్మిదిటికి."

హర్షిణి కుర్చీలోంచి లేచింది. "సార్! అవి వరుసగా పేర్చేస్తే అయిపాయె గద!"

"వరుసగ పేరిస్తే పోలీస్ స్టేషన్ గోడ లెక్కుంటది. దొంగలా వీళ్ళు?"

"బుధవారం ఐదింటికి ఫైలు పోవాలె సార్. నా నౌకరి..."

"నేనేం చెయ్య చెప్పు? పక్కన మాటలు లేకుంటె ఫొటోలు నిలవయ్, జారి కింది పేజీకి పోతయ్. సాఫ్ట్‌వేరే గట్లుంది" అని, నోటుబుక్కు చంకలో పెట్టుకుని ఇస్సాకు గారు వెళ్ళిపోయారు.

అరగంట చూసి హర్షిణి వెతకడానికి బయల్దేరింది. ఆయన కింద పార్కింగ్‌లో, వాచ్‌మన్ వీరేశం కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి ఉన్నారు.

"నా గురించేముంది సారూ, గేటు తీస్త, గేటు ఏస్త" అంటున్నాడు వీరేశం.

"అది అందరికెరుకే. ఎవ్వరికీ తెలవంది చెప్పు."

వీరేశం చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "హారన్ ఇని ఎవరి బండో చెప్తా" అన్నాడు చివరికి. అంతలో మలుపు అవతల ఒక హారన్ మోగింది. వీరేశం తల ఎత్తకుండానే, "మూడో అంతస్తు మేడం. ఇయ్యాల జర కోపంల ఉంది" అన్నాడు. కారు లోపలికొచ్చింది. మూడో అంతస్తు మేడమే. ముఖం చూస్తే కోపం సంగతి కూడా నిజమే.

"వీరేశం కాకా, నువ్వు మామూలోనివి కాదు!" అంది హర్షిణి, వచ్చిన పని మరిచిపోయి.

"ఇంకో లైను కావాలె" అన్నారు ఇస్సాకు గారు. వీరేశం అటూ ఇటూ చూసి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఇస్సాకు గారు నవ్వుకుని రాసుకున్నారు.

అక్కణ్ణుంచి ఐదో అంతస్తు టీ గదికి. అక్కడ రుక్కమ్మ కప్పులు కడుగుతోంది. అరవై దాటిన మనిషి, నోటికి హద్దు లేదు.

"ఈ మేడున్న జాగల మా అత్తగారు జొన్నలేసేది సారూ. మీ బోర్డు రూం ఉంది సూడు, గాడ సీతాఫలం చెట్టుండె. కోతులొచ్చి కూసొని కిచకిచలాడేటియి. ఇప్పుడు సార్లొచ్చి కూసుంటున్నరు."

ఇస్సాకు గారి పెన్ను ఒక్క క్షణం గాల్లో ఆగింది. "ఇది రాయమంటవా రుక్కమ్మా?"

"రాయి. నాకేం ఫికర్!"

"లైనున్నర అయింది. ఇంకా కావాలె."

రుక్కమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇంకేముంటది... ఆడపిల్లలు అప్పుడప్పుడు బాత్రూంల కూసొని ఏడుస్తరు. ఎందుకేంది అని నేనడుగ. నేల తడిగుంది అని పసుపుపచ్చ బోర్డుంటది గద, అది తెచ్చి తలుపు ముందర పెడ్త. ఎవ్వరు లోపటికి రారు. బిడ్డ నిమ్మళంగ ఏడ్చుకొని ఎల్తది."

హర్షిణికి ఒక సాయంత్రం గుర్తొచ్చింది. చేరిన రెండో రోజు సాయంత్రం ఆమె ఆ బాత్రూంలోంచి ముఖం కడుక్కుని బయటికొచ్చినప్పుడు తలుపు ముందు పసుపుపచ్చ బోర్డు ఉంది. నేల మాత్రం పొడిగా ఉంది. అప్పుడు అదేమిటో అర్థం కాలేదు. రుక్కమ్మ ఆమె వైపు చూడకుండా మళ్ళీ కప్పులు కడగడంలో పడింది.

మంగళవారం మధ్యాహ్నానికి పన్నెండు మందివి అయ్యాయి. ఇంకా ఏడుగురు. ఇస్సాకు గారు క్యాబు డ్రైవర్ల దగ్గరికి వెళ్ళారు. హర్షిణి మిగిలిన గంటలు లెక్కపెట్టుకుంది. మనిషి మంచివాడే, కాదనడం లేదు. కానీ ఆయన మంచితనంతో సోమవారం లెటరు రాదు కదా. ఏమైతే అదైందని తనే పందొమ్మిది ఫొటోలు తెచ్చి, పేజీలో వరుసకు నాలుగేసి చొప్పున పేర్చి చూసింది. జారితే జారనీ.

ఒక్కటీ జారలేదు. పదకొండు నిమిషాల్లో పేజీ తయారై కూర్చుంది.

హర్షిణి ఆ పేజీ వైపు చూస్తూ ఉండిపోయింది. సాఫ్ట్‌వేరు అలా ఉందన్నారే? ముప్పై ఏళ్ళకు పైగా ఈ పనే చేస్తున్న మనిషికి ఈపాటి తెలియదా? ఆమెకు ఏదో అనుమానం వచ్చి 'కొత్త ముఖం' పోస్టర్లుండే ఫోల్డరు తెరిచింది. తన పేరుతో రెండు ఫైళ్ళున్నాయి. మొదటిది పైవాళ్ళు పంపింది. అందులో ఆమె ఫొటో పోస్టరు నిండా ఉంది. ఇంకో అక్షరం పట్టే చోటు లేదు. రెండోది ఇస్సాకు గారు చేసింది. అందులో ఫొటో చిన్నదైంది, ఒక పక్కకు జరిగింది, పక్కన సరిగ్గా నాలుగు లైన్ల ఖాళీ పుట్టింది.

ఇంకో పేరు తెరిచింది. అదీ అంతే. ఇంకోటి, ఇంకోటి. ఇరవై ఏళ్ళవి, నాలుగు వందల పైచిలుకు ముఖాలు. ఏ ఒక్కరికీ ఏనాడూ లైన్లు తక్కువ కాలేదు. ఆయనే ఫొటో తగ్గించి, చోటు చేసి, ఆ చోటు చూపించి వచ్చి కొత్తవాళ్ళ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చునేవారు. ఎంత అబద్ధాలకోరు! హర్షిణికి నవ్వొచ్చింది, ఆ నవ్వుతో పాటు కళ్ళు కూడా చెమ్మగిల్లాయి.

తను పేర్చిన పేజీ చెరిపేసి కిందికి దిగింది. క్యాబుల దగ్గర ఇస్సాకు గారు చెమట తుడుచుకుంటున్నారు.

"ఎంతమంది మిగిలిన్రు సార్?"

"ఏడుగురు. పరేషాన్ గాకు బిడ్డా, అయిపోతది."

"నాకు నలుగుర్ని ఇయ్యుండ్రి. నేనడుగుతా."

"నీ ఫైలో?"

"ఫైలు ఎట్ల పోతది సార్? నాలుగు లైన్లు తక్కువైనయంట గద" అంది ముఖం బిగబట్టి. ఇస్సాకు గారు ఒక్క క్షణం ఆమెను అనుమానంగా చూసి, నోటుబుక్కులోంచి నాలుగు కాగితాలు చింపి ఇచ్చారు.

బుధవారం పొద్దుటికి మాటలన్నీ వచ్చాయి. వాటితో పాటు కొత్త చిక్కూ వచ్చింది. మాటలతో కలిపి ఆ పందొమ్మిది మందికి మూడు పేజీలు కావాలి, ఉన్నది ఒకటి. పుస్తకానికి పేజీలు పెంచితే నాలుగేసి పెంచాలి, ప్రెస్సువాళ్ళు ససేమిరా అన్నారు. పుస్తకంలో ఎక్కడైనా రెండు పేజీలు దొరుకుతాయా అని వెతికితే ఒక్క చోటే దొరికాయి. నట్టనడుమ రెండు పేజీల నిండా అద్దాల మేడ ఫొటో. మాటన్నది లేని ఫొటో. కిరణ్ పాల్ గారు స్వయంగా డ్రోను ఎగరేయించి తీయించిన ఫొటో. హర్షిణి ఆ మేడను అరచేతిలో సగమంత చేసి, పందొమ్మిది మంది ఉన్న పేజీల్లో ఒక మూలన కూర్చోబెట్టింది.

నాలుగింటికి కిరణ్ పాల్ గారు పేజీలు చూడ్డానికి వచ్చారు. నడిమధ్యకు రాగానే ఆగారు.

"హర్షిణి గారూ, మన బిల్డింగేదండీ?"

"ఉంది సార్. ఇక్కడ, వీళ్ళ పక్కన" అని హర్షిణి పేజీలు ముందుకు తిప్పి చూపించింది.

"ఇదా? అగ్గిపెట్టెలా ఉందేంటండీ! చూడండి, ఇది నేను..." అంటూ కళ్ళజోడు సర్దుకుని వంగారు. వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. ఆయన చూపు వీరేశం ఫొటో పక్కన నాలుగో లైను మీద ఉంది. మొన్న శ్రావణంలో జోరువాన పడిన రోజు కిరణ్ పాల్ సారు తన గొడుగు నాకిచ్చి, తాను తడుసుకుంట బస్టాపుదాంక పోయిండు, గొడుగు ఇంకా నా కాడనే ఉంది అని అక్కడ ఉంది.

"ఇది... వీరేశం చెప్పాడా అండీ?"

"చెవిల చెప్పిండు సార్" అన్నారు వెనకనుంచి ఇస్సాకు గారు. "తీసెయ్యమంటరా? తీస్తే నాలుగు లైన్లు తక్కువైతయ్."

"వద్దు వద్దు, ఉండనివ్వండి" అన్నారు కిరణ్ పాల్ గారు. "బిల్డింగుదేముందండీ, రోజూ చూస్తూనే ఉన్నాం." రుక్కమ్మ లైన్లు కూడా చదివారు. బోర్డు రూం సంగతి రెండుసార్లు చదివారు. సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

ఇస్సాకు గారు టీకి వెళ్ళారు. పంపేముందు చివరిసారిగా పేజీలు తిప్పుతున్న హర్షిణి పన్నెండో పేజీ దగ్గర ఆగింది. అందరి ఫొటోల పక్కనా రెండేసి లైన్లున్నాయి. ఒక్క ఫొటో మాత్రం గడి నిండా ఉంది, పక్కన అక్షరం లేదు. కింద పేరు మాత్రం ఉంది. ఇస్సాకు. పేజీలు కూర్చిన మనిషి తన గడిలో తనకు చోటు చేసుకోలేదు.

గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. హర్షిణి టీ గదికి పరుగెత్తింది.

"పెద్దమ్మా, ఇస్సాకు సారు గురించి నాలుగు లైన్లు తక్కువైనయ్!"

"నాలుగేంది బిడ్డా, కూసో" అంది రుక్కమ్మ.

క్యాంటీన్‌కు వెళ్ళింది, గేటుకు వెళ్ళింది, గ్రేస్ గారికి ఫోను చేసింది. ఐదింటికి ఇంకో ఐదు నిమిషాలుందనగా ఫైలు ప్రెస్సుకు వెళ్ళింది.

శుక్రవారం పొద్దున ప్రతి కుర్చీలో పుస్తకం ఉంది. రుక్కమ్మ తన లైన్లు ముగ్గురి చేత విడివిడిగా చదివించుకుని, ముగ్గురూ ఒకేలా చదివాకే నమ్మింది. వీరేశం గొడుగు తెచ్చి తిరిగిచ్చాడు. కిరణ్ పాల్ గారు ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో ఆ పేజీ తెరిచిన పుస్తకం పట్టుకుని, కనిపించిన ప్రతివాళ్ళకూ ఏదో పనున్నట్టు చూపించుకుంటూ తిరిగారు. హర్షిణి దగ్గరికొచ్చినప్పుడు, "సోమవారం వచ్చి లెటరు తీసుకోండి" అని మెల్లగా చెప్పి దాటిపోయారు.

హర్షిణి చూపు మాత్రం మూడో వరసలో ఉంది. ఇస్సాకు గారు అలవాటు ప్రకారం స్కేలు తీసి పేజీ పేజీకీ మూడు మిల్లీమీటర్లు కొలుచుకుంటూ వస్తున్నారు. పదో పేజీ. పదకొండు. పన్నెండు.

అక్కడ ఆయన ఫొటో తపాలా బిళ్ళంత అయిపోయి ఉంది. కుడి పక్కన మాటలు, ఎడమ పక్కన మాటలు, కిందిదాకా మాటలే మాటలు. ఈయన అన్నం తినరండీ, అచ్చేస్తారు, అంది బుల్లిబాబు మాట. హారన్ కొట్టకుంట పాట పాడుకుంట స్కూటర్ మీద ఒస్తడు, పాటను బట్టి గేటు తీస్త, అంది వీరేశం మాట. నా ఇంటిపేరు అడిగి రాసుకున్న సారు ఈయనొక్కడే, అంది రుక్కమ్మ మాట. పెళ్ళికార్డు సంగతి మరిచిపోకుండా వెయ్యమ్మా, అంది గ్రేస్ గారి మాట. అది కూడా ఉన్నదున్నట్టు అచ్చయింది.

ఆయన ఎడమ పక్కంతా కిందిదాకా చదివారు. తర్వాత కుడి పక్కకొచ్చారు. కనుబొమలు ముడిపడ్డాయి. తల ఎత్తి హర్షిణి కోసం చూశారు.

"ఏంది బిడ్డా ఇది? రుక్కమ్మ స్కూటర్ మీద పాడుకుంట ఒచ్చినట్టుంది. రెండు పక్కల పెట్టొద్దని చెప్పిన గద?"

"ఏం చెయ్యాలె సార్" అంది హర్షిణి. "మాటలు ఎక్కువైనయ్."

ఇస్సాకు గారు మళ్ళీ పుస్తకం వైపు తిరిగారు. వంగి, బొమ్మకీ మాటకీ మధ్య స్కేలు పెట్టారు. చాలాసేపు కొలిచారు. ఆ మాత్రం చోటుకు అంతసేపు అక్కర్లేదు.

"మూడే ఉంది" అన్నారు చివరికి.

తర్వాత ఆ స్కేలునే మొదటి లైను కింద ఆనించి, కన్ను తప్పిపోకుండా, ఎడమ పక్క నుంచి తన ముఖం మీదుగా కుడి పక్కకు దాటించుకుంటూ, ఒక్కో లైనూ మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు.